ప్లేస్‌మెంట్‌కి పనికిరాని లైసెన్స్

"దీంతో ప్యాకేజీ ఎంతొస్తది మావా?"

హామ్ రేడియో లైసెన్స్ వచ్చిందని రూమ్‌లో చెప్పగానే ఎదురైన మొదటి ప్రశ్న ఇది. రూపాయి కూడా రాదు, మనమే ఎదురు కట్టాలి అన్నాను. పైగా దీని మీద సంపాదించడం నిషిద్ధం అని కూడా చెప్పాను. వాడు నా వైపు జాలిగా చూసి మళ్లీ లీట్‌కోడ్‌లోకి వెళ్లిపోయాడు. "మరెందుకురా?" అని అడిగి ఉంటే ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆర్నెల్లు ఆలోచించాక ఇప్పుడు కొంచెం ఉంది. అందుకే ఎడిటర్ గారు కవిత అడిగితే ఇది రాసిస్తున్నాను.

ముందు అసలిదేంటో రెండు ముక్కల్లో. ప్రభుత్వం పరీక్ష పెడుతుంది. పాసైతే ప్రపంచంలో ఇంకెవరికీ లేని ఒక కాల్‌సైన్ ఇస్తుంది. ఆ పేరుతో, కొన్ని నిర్ణీత ఫ్రీక్వెన్సీల మీద, సొంత ట్రాన్స్‌మిటర్‌తో, సొంత యాంటెన్నాతో ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. మధ్యలో టవర్ లేదు, సిమ్ లేదు, రీచార్జ్ లేదు. కాకపోతే వ్యాపారం మాట్లాడకూడదు, రాజకీయం మాట్లాడకూడదు, పాటలు వేయకూడదు, రహస్య సంకేతాలు వాడకూడదు. ప్రకటనలు లేని చోటు ఇంకా ఒకటి మిగిలి ఉందంటే నమ్ముతారా!

నా వాదన సూటిగా చెప్పేస్తాను. ఇంజినీరింగ్ చదువుతున్న మనం, మరీ ముఖ్యంగా ఈసీఈ వాళ్లం, ఈ లైసెన్స్ తీసుకోకపోవడం సిగ్గుచేటు. సెమిస్టర్ మొత్తం యాంటెన్నాస్ అండ్ వేవ్ ప్రాపగేషన్ చదువుతాం. హాఫ్‌వేవ్ డైపోల్ రేడియేషన్ రెసిస్టెన్స్ 73 ఓమ్‌లు అని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అది ఎలా వచ్చిందో రెండు పేజీల డెరివేషన్ రాస్తాం. కానీ మన క్లాసులో ఎంతమంది ఒక డైపోల్‌ని చేత్తో కట్టారు? నేనైతే రెండో సంవత్సరం అయ్యేదాకా కట్టలేదు. 7.1 మెగాహెర్ట్జ్ అంటే తరంగదైర్ఘ్యం 42 మీటర్లు. అందులో సగం 21. చివర్ల దగ్గర జరిగే ప్రభావానికి 5 శాతం దాకా తగ్గిస్తే 20 మీటర్ల తీగ. మధ్యలో కోసి రెండు పది మీటర్ల ముక్కలు చేసి కోఆక్సియల్ కేబుల్ తగిలిస్తే అయిపోయింది. ఇంతే. పుస్తకంలో రెండు పేజీలు పట్టిన సంగతి కరెంటు పనివాడి దగ్గర దొరికే తీగతో మధ్యాహ్నంలోగా అయిపోతుంది. కట్టాక మాత్రం అసలు పాఠం మొదలవుతుంది. కొలిచింది ఒకటి, మీటర్ చూపించేది ఇంకొకటి. నేల ఎంత దూరంలో ఉంది, పక్కన రేకుల షెడ్డు ఉందా, తీగ వాలు ఎంత అన్నీ లెక్కలోకి వస్తాయి. అరచేతి వెడల్పు కత్తిరించి మళ్లీ చూడు, మళ్లీ కత్తిరించు. ఎక్కువ కత్తిరించావంటే అతుకేసుకో. ఎస్‌డబ్ల్యూఆర్ అనే మాట నాకు అర్థమైంది ల్యాబ్‌లో కాదు, నిచ్చెన మీద.

హాస్టల్ డాబా మీద నేను మొదట కట్టింది వినడానికి మాత్రమే. ఒక ఎస్‌డీఆర్ డాంగిల్, ఒక తీగ. రెండో రోజు వెళ్లి చూస్తే దాని మీద నాలుగు టీషర్టులు, ఒక లుంగీ. అడిగితే "మంచి తాడు కట్టావ్ బ్రో, థ్యాంక్స్" అన్నారు. మూడో రోజు వార్డెన్ గారు మొత్తం పీకించేశారు. ఆయన తప్పేం లేదు, నేను అడగకుండా కట్టాను.

డాంగిల్ కూడా వద్దు, రూపాయి ఖర్చు లేకుండా రుచి చూడాలనుకుంటే బ్రౌజర్‌లో వెబ్‌ఎస్‌డీఆర్ అని వెతకండి. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ల రిసీవర్‌ని ఇక్కడ కూర్చుని తిప్పుకోవచ్చు. నా పిచ్చి అక్కడే మొదలైంది. ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి ఎవరో ఇద్దరు యూరప్ వాళ్లు తమ టమాటా మొక్కల గురించి మాట్లాడుకుంటుంటే గంటన్నర విన్నాను. టమాటాల్లో ఏముంది అంటే ఏమీ లేదు. ఆ గొంతు గాలిలోంచి, ఆకాశంలో ఒక పొరకి తగిలి వస్తోందన్న సంగతే నన్ను కూర్చోబెట్టింది.

లైసెన్స్ దగ్గరికొద్దాం. ఇది టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం ఇస్తుంది. దరఖాస్తు సరళ్ సంచార్ అనే పోర్టల్‌లో. పన్నెండేళ్లు నిండితే చాలు, డిగ్రీ అక్కర్లేదు, బ్రాంచి అక్కర్లేదు. మెకానికల్ వాళ్లూ, సివిల్ వాళ్లూ, దయచేసి వినండి. రెండు గ్రేడ్‌లు ఉన్నాయి: రెస్ట్రిక్టెడ్, జనరల్. రెస్ట్రిక్టెడ్‌కి మోర్స్ అక్కర్లేదు. జనరల్‌కి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రెండూ రావాలి. మొదటిదానికి సాధారణంగా వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, రెండోదానికి వీయూ2.

పరీక్షలో రెండు భాగాలు. ఒకటి రేడియో సిద్ధాంతం: ఓమ్ సూత్రం, రెజొనెన్స్, మాడ్యులేషన్, సూపర్‌హెటెరోడైన్, యాంటెన్నాలు. మనకి సగం వచ్చిందే. రెండోది నిబంధనలు. మనవాళ్లు బోర్లాపడేది ఇక్కడే. సిద్ధాంతం మనకి రాదా ఏంటి అనే ధీమాతో నిబంధనలు చదవకుండా వెళ్తారు. క్యూ కోడ్‌లు, ఆపద సంకేతాలు, లాగ్‌బుక్‌లో ఏం రాయాలి, ఏ బ్యాండ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నీ బట్టీ పట్టాల్సిందే. ఒకదాంట్లో దంచేసి రెండోదాంట్లో తప్పితే కుదరదు. నేను కట్టినప్పుడు ఇరవై ఏళ్ల లైసెన్స్‌కి 1000 రూపాయలు, జీవితకాలానికి 2000. ఒక బిర్యానీ పార్టీ మానేస్తే సరి. మీరు కట్టే రోజుకి పోర్టల్‌లో ఎంతుందో చూసుకోండి. ఇంకో ముక్క, ఆధార్‌లో ఉన్న అడ్రసు, ఫారంలో రాసే అడ్రసు అక్షరం తేడా లేకుండా ఉండాలి. నేను ఒకదాంట్లో ఊరి పేరు, ఒకదాంట్లో మండలం పేరు రాసి నెలలు పోగొట్టుకున్నాను.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోంది కదా అని ముందే వాకీటాకీ కొనేయకండి. లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిటర్ నొక్కడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. ముందు కాల్‌సైన్, తర్వాతే సెట్టు.

ఇప్పుడు మన క్లబ్బుకి సంబంధించిన సంగతి. జనరల్ గ్రేడ్ కోసం మోర్స్ నేర్చుకుంటున్నప్పుడు చుక్కలు, గీతలు బుర్రకెక్కక చస్తుంటే మన క్లబ్ సీనియర్ అక్క కాగితం లాక్కుని, "ఇవి లఘువులు, గురువులే కదరా" అంది. నిజమే! చుక్క లఘువు, గీత గురువు. టెన్త్‌లో మనం పట్టుకున్న మూడక్షరాల గణాలు ఎనిమిది. మోర్స్‌లో మూడు గుర్తుల అక్షరాలూ సరిగ్గా ఎనిమిదే. మూడు చోట్ల రెండేసి వీలులు, ఎనిమిది కాక ఎన్నవుతాయి! భ గణం డి, జ గణం ఆర్, స గణం యు, న గణం ఎస్, మ గణం ఓ, య గణం డబ్ల్యూ, ర గణం కే, త గణం జి. ఉత్పలమాల భ ర న భ భ ర వ కదా, మోర్స్‌లో పంపితే డి, కే, ఎస్, డి, డి, కే, ఏ. నాలుగు గుర్తులవాటికి ఇంద్రగణాలున్నాయి: నగం అంటే వి, నలం అంటే హెచ్, సలం అంటే ఎఫ్. అంటే మన దేశపు కాల్‌సైన్‌లకి ముందుండే వి, యు అక్షరాలు ఒక నగం, ఒక స గణం. ఇక ఓడలు మునిగేటప్పుడు పంపే ఎస్.ఓ.ఎస్. ఏంటో చూడండి. న, మ, న. నమన! ఆ రాత్రి మేమిద్దరం మెస్‌లో బల్ల మీద స్పూన్లతో శార్దూలం కొట్టుకుంటుంటే అందరూ మా వైపే చూశారు.

అయితే నిజం కూడా చెప్పాలి. ఈ ఉపాయం గుర్తుపెట్టుకోవడానికి భలే పనికొచ్చింది, వినడానికి మాత్రం అడ్డమైంది. నిమిషానికి 8 మాటలంటే ఒక చుక్కకి 150 మిల్లీసెకన్లు, గీతకి దానికి మూడింతలు. గురువుకి రెండు మాత్రలే గనుక కాలం లెక్క కూడా సరిపోదు. చెవిన పడ్డ శబ్దాన్ని గణంగా మార్చి, గణాన్ని అక్షరంగా మార్చేలోపు ఇంకో రెండక్షరాలు వెళ్లిపోతాయి. పెద్దవాళ్లు ఒకటే చెప్తారు: లెక్కపెట్టకు, విను. పద్యం చదవడం వచ్చినవాడు గణ విభజన చేసుకుంటూ చదవడు కదా, ఇదీ అంతే. నేనింకా విభజన దగ్గరే ఉన్నాను. జనరల్ పరీక్ష నాకింకా మిగిలే ఉంది.

"వాట్సాప్ ఉండగా ఇదంతా ఎందుకు" అనే ప్రశ్నకి వద్దాం. చాలామంది హామ్‌లు దీనికి తడుముకోకుండా "విపత్తులు" అంటారు. నేను కూడా ఆ కథతోనే ఇందులోకి వచ్చాను. మాది ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదుగానే పోయింది. నేను అప్పుడు విశాఖలో హాస్టల్‌లో ఉన్నాను. నాలుగు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. ఇల్లుందో లేదో, నాన్న ఎక్కడున్నాడో తెలీదు. టీవీలో కూలిన కొబ్బరి తోటలు చూపిస్తున్నారు, ఆ తోటలు మావా పక్కూరివా అని స్క్రీన్‌కి ముక్కు ఆనించి చూశాను. ఐదో రోజు నాన్న టెక్కలి దాకా వచ్చి ఎవరి ఫోన్‌లోంచో మాట్లాడాడు. "చెట్లు పోయాయిరా, మనుషులం ఉన్నాం" అన్నాడు. ఆ ఒక్క వాక్యం కోసం నాలుగు రోజులు.

కాబట్టి విపత్తుల మాట నాకు ఊరికే నోటికొచ్చిన మాట కాదు. అయినా ఆ జవాబు సగమే అనిపిస్తోంది. ఎందుకంటే ఎప్పుడో వచ్చే తుఫాను కోసం ఎవరూ రోజూ సాధన చేయరు. మనం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ వాడటం నేర్చుకున్నామా? మన బ్లాక్‌లో ఎన్నున్నాయో కూడా తెలీదు. విపత్తు కోసం అని కొన్న సెట్టు బీరువాలో బ్యాటరీ కారిపోయి ఉంటుంది.

2004 డిసెంబర్ సంగతి చూడండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో ఒక బృందం అండమాన్ వెళ్లింది. వాళ్లు వెళ్లింది సహాయ చర్యలకి కాదు. ఏళ్ల తరబడి అమెచ్యూర్ రేడియో మోగని దీవుల నుంచి వీయూ4 కాల్‌సైన్‌తో ప్రపంచమంతటితో మాట్లాడాలన్న సరదాకి. ఆ అనుమతి కోసం ఆవిడ ఏళ్లు తిరిగారు. డిసెంబర్ 26 పొద్దున భూకంపం, వెంటనే సునామీ. మామూలు ఫోన్లు మూగబోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఆ బృందం దగ్గర సెట్లున్నాయి, యాంటెన్నాలు అప్పటికే కట్టి ఉన్నాయి, వాటిని నడిపే చేతులున్నాయి. మా వాళ్లు బతికున్నారా అని ప్రధాన భూభాగం నుంచి అడిగేవాళ్లకి కబుర్లు అందించారు. కొందరు కార్ నికోబార్‌కి కూడా వెళ్లి అక్కడ స్టేషన్ పెట్టారు.

నన్ను ఆలోచింపజేసింది వాళ్ల ధైర్యం ఒక్కటే కాదు. వాళ్లు సరదాకి వెళ్లి ఉండకపోతే ఆ పొద్దున అక్కడ ఏమీ ఉండేది కాదు. టమాటాల గురించి గంటన్నర మాట్లాడుకునే ఆ ఇద్దరికీ రాత్రి పూట 7 మెగాహెర్ట్జ్ ఎక్కడిదాకా పోతుందో, ఏ వేళకి పడిపోతుందో ఒంటికి తెలుసు. పగలు ఆ బ్యాండ్ నాలుగైదు వందల కిలోమీటర్లు, పొద్దు వాలి డి పొర మాయమయ్యాక వేల కిలోమీటర్లు. ఇది పుస్తకంలో నాలుగు మార్కుల ప్రశ్న. రోజూ సాయంత్రం విన్నవాడికి మాత్రం అది ఆటుపోట్లు తెలిసిన బెస్తవాడి తెలివి లాంటిది. పనికిరాని కబుర్లే ఆ సాధన. అందుకే "ఎందుకు పనికొస్తుంది" అనే ప్రశ్నకి "ప్రస్తుతానికి ఎందుకూ పనికిరాదు, అందుకే చెయ్యి" అనేది నా జవాబు. ప్లేస్‌మెంట్ సెల్‌లో ఈ మాట అనకండి.

కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి. బ్యాండ్ మీద మన వయసువాళ్లు చాలా తక్కువ. ఎక్కువగా తాతల వయసువాళ్లే, మాటలు కూడా ఎక్కువగా సెట్టు ఏంటి, యాంటెన్నా ఏంటి, అక్కడ వానా ఎండా. ఆడపిల్లల గొంతు అరుదుగా వినిపిస్తుంది, వినిపిస్తే అందరూ ఒక్కసారే మీద పడతారు, అది ఇంకో ఇబ్బంది. డబ్బున్నవాళ్లు లక్షల సెట్ల గురించి చెప్పుకుంటుంటే మనలాంటివాళ్లకి ఇది మన ఆట కాదేమో అనిపిస్తుంది.

ఆ చివరిదానికి విరుగుడు మాత్రం మన హైదరాబాద్‌లోనే పుట్టింది. అషర్ ఫర్హాన్ గారు ఇక్కడి రేడియో, టీవీ విడిభాగాల దుకాణాల్లో దొరికే వాటితోనే కట్టుకోగలిగేలా బిట్‌ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్ డిజైన్ చేసి అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. పంపడానికి, అందుకోవడానికి అవే యాంప్లిఫయర్‌లు రెండు దిక్కులా పనిచేస్తాయి, ఆ పేరు అందుకే. కాయిళ్లు చుట్టడానికి టొరాయిడ్‌లు దొరక్కపోతే కుళాయి వాషర్లు వాడుకోమన్నారు! ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని కట్టుకుంటున్నారు. ఆ సర్క్యూట్ ఒక్కసారి ముందేసుకుని చూడండి. మనం సెమిస్టర్‌కొకటి చొప్పున విడివిడిగా చదివిన మిక్సర్, ఆసిలేటర్, క్రిస్టల్ ఫిల్టర్, పవర్ యాంప్లిఫయర్ అన్నీ ఒకే కాగితం మీద చేయి చేయి పట్టుకుని కనిపిస్తాయి. నాకైతే అన్ని సెమిస్టర్ల చదువూ ఆ ఒక్క కాగితం మీద అతుక్కుంది.

నా దగ్గరున్నది దాని తమ్ముడు మైక్రోబిట్‌ఎక్స్, సెకండ్ హ్యాండ్, పది వాట్లు. దసరా సెలవులకి ఇంటికి పట్టుకెళ్లాను, నా స్టేషన్ అడ్రసు అదే గనుక. పెరట్లో తిత్లీకి మిగిలిన కొబ్బరిచెట్లు రెండున్నాయి. రాయికి పురికొస కట్టి విసిరితే నాలుగోసారికి మట్ట దాటింది. తీగ పైకి లాగుతుంటే నాయనమ్మ వచ్చి నిలబడింది.

"ఏటి నాయనా అది?"

"రేడియో నాయనమ్మా. దీంతో దూరపోళ్లతో మాట్లాడొచ్చు."

"సెల్లున్నాది కదా?"

నేను జవాబు చెప్పలేదు. ఆవిడే కొంచెం సేపు చెట్టు వైపు చూసి, "గట్టిగా కట్టు" అని లోపలికి పోయింది.

సాయంత్రం ఆరు దాటాక మైకు పట్టుకున్నాను. చెయ్యి వణికింది. మూడుసార్లు పిలిచాను, ఏమీ లేదు, ఉత్త గరగర. నాలుగోసారి గరగరలోంచి తెలుగులో ఒక ముసలి గొంతు నా కాల్‌సైన్‌ని అక్షరం అక్షరం పలికింది. గుంటూరు వైపు పెద్దాయన. "బాబూ, ఐదు ఏడు వస్తున్నావ్. కానీ నీ గొంతు బాతు అరిచినట్టుంది, కొంచెం కిందకి తిప్పు" అన్నారు. తిప్పాను. "ఆ, ఇప్పుడు మనిషివయ్యావ్. ఊరేది?" చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "ఉద్దానమా? అప్పట్లో మీ వైపు నుంచి ఎవరైనా పలుకుతారేమోనని రెండు రాత్రులు విన్నానయ్యా. ఎవరూ పలకలేదు" అన్నారు.

నేనేం మాట్లాడానో గుర్తులేదు. లాగ్‌బుక్‌లో టైము, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ రిపోర్ట్ మాత్రం ఉన్నాయి. నాయనమ్మ గుమ్మంలో నిలబడి మొత్తం విన్నది.

మన కాలేజీకి క్లబ్ స్టేషన్ కావాలన్నది నా డిమాండ్. నిబంధనల్లో దానికి వీలుంది. దానికి ముందు లైసెన్స్ ఉన్నవాళ్లు కావాలి, ఇప్పటికి నేనొక్కడినే. పరీక్షకి కలిసి చదువుదామనుకునేవాళ్లు ఆదివారం పొద్దున ఏడింటికి ఈసీఈ బ్లాక్ డాబా మీదకి రండి. ఈసారి పర్మిషన్ తీసుకున్నాను. తీగ, డాంగిల్ నేను తెస్తాను. నిచ్చెన ఎవరైనా చూడండి. బట్టలు మాత్రం తేవద్దు.